ఎం.బి.ఏ.లో చేరేముందు ధాన్యపురాశిలో చేయిపెట్టి చూడండి

మదీనా బజారులో ఒకరోజు దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపురాశి పక్కగా వెళ్తున్నారు. పైకి రాశి చక్కగా ఉంది. ఆయన చేతిని లోపలికి పోనిచ్చారు. వ్రేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగారు. వానకు తడిసిందని అతను సమాధానమిచ్చాడు. అలాగైతే జనానికి కనబడేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ సంఘటనను మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కాని దాన్ని ఎక్కువగా కిరాణా దుకాణాలకూ పాల వ్యాపారులకూ పరిమితం చేసి వదిలేస్తాం.

డిగ్రీ పరీక్షలు ముగిసే వేసవిలో మన ఇళ్లలో మరోరకం రాశి వచ్చి చేరుతుంది. అది ప్రైవేటు విశ్వవిద్యాలయాల బ్రోచరు. నిగనిగలాడే కాగితం, అద్దాల భవనాలు, కోటు తొడుక్కుని నవ్వుతున్న యువతీయువకులు, పెద్ద అక్షరాల్లో జీతాల అంకెలు. కొడుకు దాన్ని తండ్రి ముందుంచి, “అబ్బా! రెండేళ్లే. తరువాత మన కష్టాలన్నీ తీరతాయి” అంటాడు. తండ్రి ఒక చిన్న బట్టల దుకాణం నడుపుకునేవాడో, గల్ఫ్‌లో పదిహేనేళ్లు కష్టపడి తిరిగివచ్చినవాడో అయి ఉంటాడు. బిడ్డ ముఖంలోని ఆశను చూసి కాదనలేడు. ప్రవక్త (స) చేసిన పని చేయవలసింది సరిగ్గా ఆ క్షణంలోనే. రాశిలోపలికి చేయిపెట్టి చూడాలి.

చదువుకు అడ్డుచెప్పడానికి ఈ మాట రాయడం లేదు. తొలి వహీలోని తొలి ఆదేశమే చదవమని. వాణిజ్యం మన ధర్మానికి పరాయిదీ కాదు. హజ్రత్ ఖదీజా (రజి) వర్తక బిడారుల యజమానురాలు. ప్రవక్త (స) వివాహానికి పూర్వం ఆమె సరుకు తీసుకుని సిరియాకు వెళ్లారు. వలసవచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దుఆ చేసి, బజారు దారి మాత్రం చూపించమని కోరారు. నిర్వహణ, లెక్కలు, విక్రయం నేర్చుకోవడం మంచిదే. ఎక్కడ, ఏ ధరకు, ఏ షరతులతో నేర్చుకుంటున్నామన్నదే ప్రశ్న.

సగటు అనే పైధాన్యం

బ్రోచరులో మొదట కంటబడేది సగటు ప్యాకేజీ. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక తరగతిలో పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి. ఎనిమిది మందికి ఏడాదికి 4 లక్షలు, ఒకరికి 8 లక్షలు, ఒకరికి 30 లక్షలు. మొత్తం 70 లక్షలు, సగటు 7 లక్షలు. బ్రోచరులో 7 అని అచ్చవుతుంది. అది అబద్ధం కాదు. కాని పదిమందిలో ఎనిమిది మంది ఆ అంకె దరిదాపుల్లో కూడా లేరు. జీతాలను వరుసగా పేర్చి మధ్యనున్నదాన్ని చూస్తే 4 లక్షలే. దీన్ని మధ్యగతం అంటారు. విచిత్రమేమిటంటే, సగటుకూ మధ్యగతానికీ మధ్యనున్న ఈ తేడాను ఎం.బి.ఏ. మొదటి సెమిస్టరులో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేరుతో నేర్పుతారు. చేరిన తరువాత నేర్చుకునే పాఠం చేరకముందే అవసరమవుతుంది.

కాబట్టి ప్రవేశాల కార్యాలయంలో ఈ ప్రశ్నలు మర్యాదగా, స్పష్టంగా అడగండి. గత ఏడాది మధ్యగత జీతం ఎంత? మొత్తం విద్యార్థులెందరు, ఉద్యోగం వచ్చినవారెందరు? ఉద్యోగం వద్దనుకున్నారని చెప్పి ఎందరిని లెక్కలోంచి తీసేశారు? చెబుతున్న ప్యాకేజీలో నెలనెలా చేతికందేదెంత? ప్యాకేజీలో పి.ఎఫ్., గ్రాట్యుటీ, బీమా, పనితీరునుబట్టి ఇచ్చే బోనసు కూడా కలిసి ఉంటాయి. 4 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 33 వేలు కాదు. చాలాచోట్ల 28 వేల ప్రాంతంలోనే చేతికి వస్తుంది. అన్నిటికన్నా మేలైన మార్గం, నిరుడు అక్కడ చదివి బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మాట్లాడటం.

సంస్థ గుర్తింపును కూడా సరిచూసుకోవాలి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల స్థాపనకు ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో ప్రత్యేక చట్టాలు వచ్చాయి. యు.జి.సి. తన జాబితాలో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల పేర్లను ప్రకటిస్తుంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితానూ విడిగా వెలువరిస్తుంది. న్యాక్ గ్రేడు, ఎన్.ఐ.ఆర్.ఎఫ్. స్థానం చూడండి. ప్రవేశ సమయంలో అసలు సర్టిఫికెట్లను తమవద్దే అట్టిపెట్టుకోకూడదని యు.జి.సి. సంస్థలకు స్పష్టంగా చెప్పింది. సరిచూసుకుని, నకళ్లు తీసుకుని, అసలువి తిరిగి ఇచ్చేయాలి.

అప్పు అడుగున ఏముంది?

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల ఫీజు కొన్నిచోట్ల నాలుగైదు లక్షలుంటే, కొన్నిచోట్ల హాస్టలుతో కలిపి పది లక్షలు దాటుతుంది. అక్కడే “బ్యాంకు లోను ఇప్పిస్తాం, చదువైపోయాక కట్టుకోవచ్చు” అనే మాట వినిపిస్తుంది. ఈ మాట అడుగున తడి చాలా ఉంది.

10 లక్షల రుణం, 11 శాతం వడ్డీ అనుకుందాం. సగం మొదటి ఏడాది, సగం రెండో ఏడాది తీసుకున్నారు. చదివే రెండేళ్లు, ఆపై ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర లేదు. కాని వడ్డీ మాత్రం మొదటి రోజునుంచే నడుస్తుంది. ఆ గడువు ముగిసేసరికి అప్పు దాదాపు 12 లక్షల 75 వేలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,500 రూపాయలు. మొత్తం కట్టేది 21 లక్షలపైనే. చేతికి 28 వేలు వచ్చే యువకుడు 17,500 వాయిదా కట్టి, నగరంలో అద్దెకుండి, ఇంటికేం పంపుతాడు? చెల్లెలి పెళ్లికి ఏం దాస్తాడు?

ఇది ప్రాపంచిక లెక్క. మరో లెక్క కూడా ఉంది. వ్యాపారాన్ని అల్లాహ్ ధర్మసమ్మతం చేశాడనీ, వడ్డీని నిషేధించాడనీ సూరా బఖరా 275వ వాక్యం విస్పష్టంగా చెబుతోంది. వడ్డీ తినేవాడూ, ఇచ్చేవాడూ, దాన్ని రాసేవాడూ, సాక్షులూ పాపంలో సమానులేనని ప్రవక్త (స) హెచ్చరించారు. “తప్పనిసరి పరిస్థితి” అనే మాటను మనం చాలా సులువుగా వాడేస్తుంటాం. ఒక ఖరీదైన విశ్వవిద్యాలయంలో సీటు తప్పనిసరి అవసరం అవుతుందా అన్నది దరఖాస్తు ఫారం నింపేముందే విశ్వసనీయులైన ఉలమాను అడిగి తెలుసుకోవలసిన విషయం.

దారులు మూసుకుపోలేదు. ఐసెట్ రాసి కన్వీనరు కోటాలో చేరితే అర్హులైన విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ద్వారా లభించిన బి.సి.–ఇ కోటా ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు తక్కువ. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కేంద్రీయ విశ్వవిద్యాలయం, అక్కడా ఎం.బి.ఏ. ఉంది. డిగ్రీ తరువాత రెండేళ్లు ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టి చేరడం మరో మార్గం. పని అనుభవం ఉన్నవారికి పాఠం బాగా ఒంటబడుతుంది, ఉద్యోగాల ఎంపికలోనూ అది అక్కరకొస్తుంది. బంధువర్గంలో నలుగురు కలిసి ఒక బిడ్డకు ఖర్జె హసనా, అంటే వడ్డీలేని రుణం, ఇవ్వవచ్చు. అలా ఇచ్చినప్పుడు కాగితం రాసుకోవడానికి మొహమాటపడకూడదు. ఖుర్ఆన్‌లోకెల్లా అతి పొడవైన వాక్యం సూరా బఖరా 282. అది అప్పును లిఖితపూర్వకంగా, సాక్షులతో నమోదు చేసుకోవడం గురించినదే.

తరగతి గదిలో

ఇక లోపలి జీవితం. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటి ఏడాదిలో అకౌంటింగ్, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, మార్కెటింగ్, ఫైనాన్స్, మానవ వనరులు, ఉత్పత్తి నిర్వహణ, వ్యాపార చట్టాలు అందరికీ ఉంటాయి. వేసవిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌షిప్. రెండో ఏడాదిలో ఎంచుకున్న ప్రత్యేక విభాగం. ఇవి కాక ప్రెజెంటేషన్లు, క్విజ్‌లు, బృంద ప్రాజెక్టులు, అంతర్గత మార్కులు. డిగ్రీలో చివరి నెలలో చదివి గట్టెక్కినవారికి ఇక్కడ ఊపిరాడదు.

బోధనలో ప్రధానమైనది కేస్ పద్ధతి. 1908లో మొదలై ప్రపంచంలో మొదటిసారిగా ఎం.బి.ఏ. డిగ్రీ ప్రవేశపెట్టిన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1920లలో దీన్ని స్థిరపరిచింది. ఒక కంపెనీ ఎదుర్కొన్న నిజమైన చిక్కును పదిహేను ఇరవై పుటల్లో ఇస్తారు. “నువ్వే నిర్వాహకుడివైతే ఏం చేస్తావు?” అని అడుగుతారు. ఒకే సరైన జవాబు ఉండదు. ఆలోచించిన తీరుకే మార్కులు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివివచ్చిన మన పిల్లలు ఇక్కడ మొదటి రెండు నెలలు మూగబోతారు. విషయం తెలియక కాదు, ఆంగ్లంలో నోరు విప్పలేక. దీనికి మందు పాతదే. కేసును ముందురోజు రాత్రే రెండుసార్లు చదవాలి. చెప్పదలచిన రెండే రెండు వాక్యాలు రాసుకుని, పైకి చదివి, మర్నాడు తరగతిలో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి. చర్చ ముదిరాక దూరడం కష్టం. కడపనుంచో కర్నూలునుంచో వచ్చిన విద్యార్థి నెలరోజులు ఇలా చేస్తే భయం దానంతటదే తగ్గుతుంది.

ఈ కేసుల్లో మన ధర్మం గుర్తుకొచ్చే చోట్లు ఎన్నో ఉన్నాయి. 1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ మాత్రల సీసాల్లో విషం కలిపారు. ఏడుగురు చనిపోయారు. తప్పు తనది కాకపోయినా జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ దేశమంతటినుంచీ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తీసుకుంది. నష్టాన్ని భరించి నమ్మకాన్ని నిలుపుకుంది. దీనికి ఎదురుగా మన హైదరాబాదు కథ ఒకటి. కంపెనీల సుపరిపాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారాన్ని 2008లో అందుకున్న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్, 2009 జనవరి 7న తానే ఒక లేఖ రాశారు. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. రాశి పైన పురస్కారం మెరిసింది, అడుగున ధాన్యమే లేదు.

ఫైనాన్స్ పాఠాల్లో వడ్డీ లెక్కలు తప్పవు. వాటిని నేర్చుకోవచ్చా అని విద్యార్థులు సందేహపడతారు. వడ్డీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం వేరు, వడ్డీ వ్యాపారం చేయడం వేరు. ప్రత్యామ్నాయాన్ని నిర్మించాలంటే ఉన్న వ్యవస్థ క్షుణ్ణంగా తెలియాలి. 1963లో ఈజిప్టులోని మీత్ గమ్ర్‌లో వడ్డీలేని పొదుపు సంస్థ మొదలైంది. 1975లో జిద్దాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు పనిచేయడం ఆరంభించింది. మన దేశంలో రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ కూడా వడ్డీరహిత బ్యాంకింగుకు అవకాశమివ్వాలని 2008లో సూచించింది. ముదారబా, ముషారకా వంటి లాభనష్టాల భాగస్వామ్య పద్ధతులను తన ప్రాజెక్టు అంశంగా ఎంచుకునే విద్యార్థికి అధ్యాపకులనుంచి సాధారణంగా అడ్డంకి ఉండదు. అడిగేవారే తక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం

విద్యార్థి జీవితంలో అసలు పరీక్ష టైంటేబుల్లో ఉంటుంది. శుక్రవారం ఒంటిగంటన్నరకు తరగతి. జుమా నమాజు అదే సమయానికి. హాజరు 75 శాతం ఉండాలని నియమం. వారానికి నాలుగు గంటలున్న ఒక సబ్జెక్టులో పదహారు వారాలకు 64 తరగతులు. ప్రతి శుక్రవారం ఒకటి పోతే 16 పోతాయి. మిగిలేది సరిగ్గా 75 శాతం. ఒక్కరోజు జ్వరం వచ్చినా పరీక్షకు అర్హత పోతుంది.

చాలామంది పిల్లలు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. మౌనంగా జుమా వదిలేస్తారు, లేదా చెప్పకుండా తరగతి ఎగ్గొట్టి తరువాత అబద్ధపు సాకు చెబుతారు. మూడో మార్గం మేలైనది. సెమిస్టరు మొదటి వారంలోనే, టైంటేబులు గట్టిపడకముందే, ముస్లిం విద్యార్థులంతా కలిసి విభాగాధిపతికి మర్యాదగా ఒక లేఖ ఇవ్వాలి. శుక్రవారం భోజన విరామాన్ని అరగంట జరిపితే సరిపోతుందని వివరించాలి. అనుమతి దొరికితే నమాజు ముగిసిన వెంటనే తరగతిలో ఉండి ఆ మాట నిలబెట్టుకోవాలి. సూరా జుముఆ కూడా ఇదే క్రమాన్ని నేర్పుతుంది. పిలుపు వినగానే క్రయవిక్రయాలు వదలి రావాలి, నమాజు పూర్తయ్యాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించాలి. జుమా తరువాత వీధిలో కబుర్లాడుతూ నిలబడే విద్యార్థి తన తరువాత వచ్చేవారికి ఆ అనుమతి లేకుండా చేస్తాడు.

వేడుకల విషయంలోనూ ముందే తేల్చుకోవడం మంచిది. ఫ్రెషర్స్ పార్టీలు, పరిచయాల విందులు, పారిశ్రామిక యాత్రలు చదువులో భాగమన్నట్లే ఉంటాయి. మద్యం, హద్దులేని కలయిక ఉన్నచోటికి రానని మొదటిసారే నెమ్మదిగా చెప్పినవారిని రెండోసారి ఎవరూ బలవంతపెట్టరు. అలాగని సహాధ్యాయులకు దూరంగా ముడుచుకోకూడదు. అనారోగ్యంగా ఉన్న హిందూ మిత్రుడికి నోట్సు రాసిచ్చే ముస్లిం విద్యార్థి ఇస్లామును గురించి ఏ ప్రసంగమూ చెప్పనంత చెబుతాడు. కూతుళ్లను పంపే తల్లిదండ్రులు హాస్టలు భద్రత, హిజాబు విషయంలో సంస్థ వైఖరి, హలాల్ ఆహారం, ఇంటర్న్‌షిప్ ఏ ఊళ్లో చేయాల్సి వస్తుందన్న సంగతులు ముందే విచారించాలి. ఈ ప్రశ్నల పేరుతో చదువు మాన్పించడం మాత్రం ఖదీజా (రజి) అనుచర సమాజానికి శోభించదు.

కొనుక్కున్న రిపోర్టు

ఇంతవరకూ సంస్థల రాశిలో చేయిపెట్టాం. ఇప్పుడు మన బిడ్డల రాశిలో పెట్టాలి.

ఇంటర్న్‌షిప్ ముగిశాక విద్యార్థి ఒక ప్రాజెక్టు రిపోర్టు సమర్పించాలి. కొన్ని నగరాల్లో కాలేజీల చుట్టుపక్కల జిరాక్సు దుకాణాల్లో ఈ రిపోర్టులు తయారుగా దొరుకుతాయి. కంపెనీ పేరు, విద్యార్థి పేరు మార్చి, అట్ట వేసి ఇస్తారు. వెళ్లని కంపెనీనుంచి సర్టిఫికెట్ కూడా తెప్పించేవారున్నారు. అయిదుగురి బృందంలో ఒకరు రాత్రంతా మేలుకుని పనిచేస్తే మిగతా నలుగురు పేర్లు చేర్చుకుంటారు. “అందరూ చేసేదే కదా” అనే మాట అక్కడ ఫత్వాలా చెల్లుతుంది. వడ్డీ లోను తీసుకోనని పట్టుబట్టిన విద్యార్థి, జుమా తప్పని విద్యార్థి కూడా ఈ ఒక్కచోట జారిపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. తడిసిన ధాన్యం అంటే ఇదే కదా! రేపు ఆ రిపోర్టు చూసి ఉద్యోగమిచ్చే యజమాని లేని అనుభవాన్ని కొంటున్నాడు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వర్తకులు. ఒకసారి ఆయన భాగస్వామి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పకుండా పొరపాటున అమ్మేశారు. కొన్నవారి జాడ తెలియలేదు. ఇమామ్ ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. ధర్మజ్ఞానం లేనివారు తమ బజారులో అమ్మకాలు జరపరాదని హజ్రత్ ఉమర్ (రజి) శాసించారు. ఒకరకంగా అదే ముస్లిం సమాజపు తొలి వాణిజ్య విద్యార్హత. లాభం లెక్కకట్టడం రావడంకన్నా ముందు, ఏది లాభం కాదో తెలిసి ఉండాలని దాని భావం.

ఉద్యోగాల ఎంపిక వేళ ఈ గుణమే మళ్లీ అక్కరకొస్తుంది. ప్రాంగణానికి వచ్చే సంస్థల్లో బ్యాంకులు, రుణ సంస్థలు, బీమా కంపెనీలు ఎక్కువ. అందుకే రెండో ఏడాది విభాగం ఎంచుకునేటప్పుడే సరఫరా నిర్వహణ, మానవ వనరులు, డేటా విశ్లేషణ, ఆసుపత్రుల నిర్వహణ వంటివి పరిశీలించాలి. చివరి రోజున వచ్చిన ఒకే ఒక్క అవకాశం ముందు నిలబడి ఈమాన్‌తో బేరమాడే స్థితి తెచ్చుకోకూడదు. చేతిలో 17,500 వాయిదా లేనివాడికే వద్దని చెప్పే స్వేచ్ఛ ఉంటుంది. ప్రవేశం రోజు తీసుకున్న నిర్ణయం రెండేళ్ల తరువాత ఇలా ఎదురొస్తుంది.

తల్లిదండ్రులారా! ఈ వేసవిలో మీ బిడ్డ బ్రోచరు తెచ్చి ముందుంచితే కోప్పడకండి, వెంటనే తలూపకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫీజు, అప్పు, వాయిదా, మధ్యగత జీతం, నమాజు వేళలు, వీటన్నిటినీ ఇద్దరూ కలిసి రాయండి. ఇస్తిఖారా నమాజు చేయండి. ఆ కాగితం చూసి చేరమన్నా, ఒక ఏడాది ఆగమన్నా, ఆ నిర్ణయం తెలిసి చేసినదవుతుంది. సత్యవంతుడైన, నమ్మకస్తుడైన వర్తకుడు పరలోకంలో ప్రవక్తలతో, సత్యసంధులతో, అమరవీరులతో ఉంటాడని ప్రవక్త (స) శుభవార్త వినిపించారు. మన బిడ్డలు ఆ వరుసలో నిలబడేలా చదువుకోవాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.